పేగులోకి చూడటానికీ ఓ వేళ

1956 జూన్ 7 రాత్రి అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ శ్వేతసౌధం ఫొటోగ్రాఫర్ల విందుకు వెళ్లొచ్చి పడుకున్నారు. అర్ధరాత్రి దాటాక కడుపునొప్పి మొదలైంది. మర్నాడు పొద్దెక్కినా తగ్గలేదు. వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రికి తరలించారు. అంతకు తొమ్మిది నెలల ముందే గుండెపోటు వచ్చిన మనిషాయన. మత్తిచ్చి కడుపు కోస్తే గుండె తట్టుకుంటుందా అని ఒక భయం. కోయకపోతే మూసుకుపోయిన పేగు కుళ్లిపోతుందేమోనని ఇంకో భయం. డాక్టర్లు గంటల తరబడి తర్జనభర్జన పడి, 9వ తేదీ తెల్లవారుజామున మూడింటి వేళ కత్తి పట్టారు. చిన్నపేగు చివరి భాగం వాచి, గట్టిపడి, సన్నబడిపోయి ఉంది. క్రోన్స్ వ్యాధి! ఆ భాగాన్ని కదపకుండా పక్క నుంచి కొత్త దారి వేసి కుట్టేశారు. ఐదు నెలల తర్వాత ఆయన మళ్లీ ఎన్నికల్లో గెలిచారు.

ఆ రాత్రి డాక్టర్ల దగ్గరున్న ఆధారం నెల ముందు తీసిన బేరియం ఎక్స్‌రే. దేశాధ్యక్షుడి పేగులో ఏం జరుగుతోందో కూడా కోసి చూస్తే తప్ప తెలియని కాలమది.

1969లో న్యూయార్క్‌లోని బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రిలో విలియం వుల్ఫ్, హిరోమి షిన్యా అనే సర్జన్లు అటూ ఇటూ వంగే గొట్టాన్ని పెద్దపేగులోకి నడిపి, అందులోంచే వైరు ఉచ్చు పంపి పిలకలు (పాలిప్స్) కోసి తీయడం మొదలుపెట్టారు. కడుపు కోయకుండా పేగు లోపలి గోడను కళ్లారా చూడటం, అనుమానం వచ్చిన చోట ముక్క తీయడం క్రమంగా మామూలు పనైపోయింది. కొలనోస్కోపీ అంటే ఈ పరీక్షే. మన దగ్గర ఇప్పుడు జిల్లా కేంద్రాల్లోనూ చేస్తున్నారు.

సాధనం చేతికొచ్చాక కొత్త చిక్కు మొదలైంది. ఏళ్ల తరబడి పేగు వాపుతో బాధపడేవారికి ఈ పరీక్ష ఎప్పుడు చేయాలి? ఎంత లోపలికి వెళ్లాలి? ఎక్కడ ఆగిపోవాలి? 'గొట్టం వేస్తే పేగుకు చిల్లు పడుతుందట' అని విన్నవారు బెదిరిపోయి దూరంగా ఉంటారు. 'మామూలు పరీక్షేగా' అనుకునేవారు వేయకూడని రోజున వేయమంటారు. ఇద్దరి మాటలోనూ సగం నిజముంది. ఆ సగం దగ్గరే ఆగిపోతే నష్టపోయేది రోగి.

మొలలనుకుని గడిచిపోయే ఏళ్లు

మనవాళ్లు పేగుపూత అని పిలిచే జబ్బులో ప్రధానంగా రెండు రకాలున్నాయి. అల్సరేటివ్ కొలైటిస్ పురీషనాళంలో మొదలై పెద్దపేగు లోపలి పొర వెంట పైకి పాకుతుంది. క్రోన్స్ అలా కాదు. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. మధ్యమధ్యలో బాగున్న భాగాలను వదిలేస్తూ, పట్టిన చోట మాత్రం పేగు గోడ మందమంతా తొలుస్తుంది. రెండూ ఎక్కువగా పదిహేను, ముప్పై అయిదేళ్ల మధ్య వయసులోనే మొదలవుతాయి. మందులకు అణుగుతాయి, మళ్లీ తిరగబెడతాయి.

తెలుగునాట ఈ జబ్బు డాక్టర్ దాకా రావడానికి చుట్టుదారి పడుతుంది. దొడ్డికి వెళ్లినప్పుడు నెత్తురు కనిపిస్తే ఇంట్లో మొదట అనే మాట 'వేడి చేసింది'. సబ్జా గింజలు, పలచటి మజ్జిగ. తగ్గకపోతే మొలలని నిర్ణయమైపోతుంది, మొలల మందు మొదలవుతుంది. జిగట కూడా పడితే అమీబా అంటారు, ఊళ్లో ఆర్‌ఎంపీ మెట్రోనిడజోల్ కోర్సు రాసిస్తారు. నాలుగు రోజులు నెమ్మదిస్తుంది, మళ్లీ మొదలవుతుంది. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఆడపిల్ల అయితే గొట్టం పరీక్ష సంగతి బయటికి పొక్కకూడదన్న బెంగ ఒకటి తోడవుతుంది. ఇలా రెండేళ్లు, నాలుగేళ్లు గడిచిపోతాయి. ఈ పోయిన ఏళ్లు తర్వాత ఒక ముఖ్యమైన లెక్కలోకి వస్తాయి.

ఇది నగరాల్లో ఉన్నవాళ్లకు, బయటి తిండి తినేవాళ్లకు వచ్చే జబ్బన్న నమ్మకం కూడా చాలాకాలం సాగింది. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీకి చెందిన డాక్టర్ రూపా బెనర్జీ బృందం పేగు లక్షణాలున్న 30 వేల మందికి పైగా జనానికి కొలనోస్కోపీ చేసి, 2023లో ఫలితాలు ప్రచురించింది. పేగుపూత పల్లెల్లోనూ పట్టణాల్లోనూ దాదాపు ఒకే తీరులో కనిపించింది. ఏళ్ల తరబడి మొలల మందు వాడుతున్నవాళ్లలో అసలు జబ్బు ఇంకేదో ఉండే అవకాశాన్ని పల్లెలోని డాక్టర్ కూడా ఆలోచించాల్సిందే.

ఒకే గొట్టం, రెండు పేగులు

ఒకే ఆసుపత్రికి ఒకే రోజు ఇద్దరు వచ్చారనుకుందాం. మొదటాయనకు వారం నుంచి రోజుకు పది పన్నెండు సార్లు నెత్తుటి విరేచనాలు. ఒళ్లు కాలిపోతోంది, నాడి వంద దాటింది. నెలగా స్టెరాయిడ్లు వాడుతున్నాడు. రెండో ఆమెకు జబ్బు మొదలై పన్నెండేళ్లు. మూడేళ్లుగా నెత్తురు లేదు, నొప్పి లేదు, ఉద్యోగం చేసుకుంటోంది. మొదటాయన ఇంటివాళ్లు 'లోపలంతా చూసి చెప్పండి డాక్టర్ గారూ' అని పట్టుబడతారు. రెండో ఆమె 'బాగానే ఉన్నానుగా, ఇప్పుడెందుకండీ?' అంటుంది.

పూర్తి కొలనోస్కోపీ వల్ల ప్రమాదం మొదటాయనకే ఎక్కువ. అంత లోపలికి వెళ్లాల్సిన అవసరం కూడా ఆ రోజు ఆయనకు లేదు. రెండో ఆమెకు ప్రమాదం చాలా తక్కువ, ప్రయోజనం ఎక్కువ. జనం మనసులో ఉన్న లెక్కకూ, పేగులో ఉన్న లెక్కకూ ఇక్కడే పొంతన కుదరదు. పేగుపూత ఉన్నవారికి కొలనోస్కోపీ ముప్పు ఎంత అనే ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు చెప్పలేం. ఏ రోజున, ఎలాంటి పేగుకు, ఏం తెలుసుకోవడానికి అన్నవి తేలితేనే ముప్పు లెక్క తేలుతుంది.

చిల్లు ఎలా పడుతుందో తెలిస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. గొట్టం మందం పన్నెండు, పదమూడు మిల్లీమీటర్లు. మీటరున్నర పొడవున్న పెద్దపేగు తిన్నగా ఉండదు. ఎడమవైపు కింద మెలికలు తిరిగి ఉంటుంది. గొట్టాన్ని ముందుకు తోస్తున్నప్పుడు అక్కడ చుట్ట పడి, దాని ఒంపు గోడను పక్కకు సాగదీస్తుంది. లోపలి దారి కనిపించడానికి నింపే గాలి గోడను ఉబ్బిస్తుంది. పెద్దపేగు మొదట్లో, అపెండిక్స్ ఉండే చోట పేగు వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఆ ఒత్తిడి అక్కడ గట్టిగా తగులుతుంది. ఇక పిలకలు కోసేటప్పుడు వాడే కరెంటు వేడి గోడను కాల్చవచ్చు. ఆరోగ్యంగా ఉన్న పేగు ఈ మూడింటినీ బాగానే తట్టుకుంటుంది. లోతుగా పుళ్లు పడిన గోడ నానిన కాగితంలా ఉంటుంది. దానికి తోడు స్టెరాయిడ్లు గాయం మానే శక్తిని తగ్గిస్తాయి. చిల్లు పడ్డాక వచ్చే నొప్పినీ జ్వరాన్నీ కూడా అణిచేస్తాయి. దాంతో ప్రమాదం ఆలస్యంగా బయటపడుతుంది.

మామూలు జనంలో కొలనోస్కోపీ వల్ల చిల్లు పడటం వెయ్యి, రెండు వేల పరీక్షలకు ఒకటి లెక్కన ఉంటుంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు తమ రికార్డులు తిరగేసినప్పుడు పేగుపూత రోగుల్లో ఇది పది వేల పరీక్షలకు సుమారు 19 అని తేలింది. మిగతావారిలో మూడు లోపే. చిల్లు పడినవారిలో ఎక్కువగా కనిపించిన అంశాలు రెండు: పరీక్ష నాటికి తీవ్రంగా ఉన్న జబ్బు, వాడుతున్న స్టెరాయిడ్లు. వెయ్యికి ఇద్దరు అన్నది చిన్న అంకె కాదు. చిల్లు పడితే కొందరికి లోపలి నుంచే క్లిప్పులు వేసి మూయవచ్చు. కొందరికి ఆపరేషన్ చేసి, కొన్నాళ్లు కడుపు మీద సంచి పెట్టాల్సి వస్తుంది. అయితే ఈ అంకె అందరికీ సమానంగా పంచినది కాదు. పేగు అదుపులో ఉన్నవారి ముప్పు మామూలు జనం ముప్పుకు దగ్గరగా జారుతుంది. మండుతున్న పేగున్నవారి ముప్పు పైకి లేస్తుంది. క్రోన్స్ వల్ల సన్నబడిన చోటును బెలూన్‌తో వెడల్పు చేయాల్సి వస్తే ముప్పు ఇంకో మెట్టు ఎక్కుతుంది. డాక్టర్ దగ్గర సంతకం పెట్టే కాగితం మీద ఈ తేడా కనిపించదు. నోరు తెరిచి అడిగితేనే తెలుస్తుంది.

మంట మీదున్నప్పుడు

ఆక్స్‌ఫర్డ్ వైద్యులు సిడ్నీ ట్రూలవ్, లెస్లీ విట్స్ 1955లో ఒక అధ్యయనం ప్రచురించారు. అల్సరేటివ్ కొలైటిస్‌కు కార్టిజోన్ పనిచేస్తుందని పోల్చి నిరూపించిన తొలి అధ్యయనాల్లో అదొకటి. జబ్బు తీవ్రతను కొలవడానికి వాళ్లు వాడిన గుర్తులనే ఇప్పటికీ వార్డుల్లో వాడుతున్నారు. రోజుకు ఆరు, అంతకు మించి నెత్తుటి విరేచనాలు. దానికి తోడు నాడి 90 దాటడం, జ్వరం 37.8 సెల్సియస్ దాటడం, హిమోగ్లోబిన్ 10.5 కన్నా తగ్గడం, ఈఎస్ఆర్ 30 దాటడం. వీటిలో ఏ ఒక్కటి తోడైనా ఆసుపత్రిలో చేర్చాల్సిన పరిస్థితే.

డెబ్బై ఏళ్ల నాటి ఈ పట్టికకు ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు. విరేచనాలు లెక్కపెట్టాలి, చేయి పట్టుకుని నాడి చూడాలి, థర్మామీటరు పెట్టాలి, కాస్త నెత్తురు తీయాలి. పూర్తి కొలనోస్కోపీ ఆ రోజు వద్దని చెప్పడానికి ఇది చాలు. మండల కేంద్రంలోని ఆసుపత్రిలో కూడా ఈ పని చేయవచ్చు.

అలాంటి రోగికి మొదట కడుపు ఎక్స్‌రే తీస్తారు. పెద్దపేగులో అడ్డంగా ఉండే భాగం ఐదున్నర, ఆరు సెంటీమీటర్లకు మించి ఉబ్బి ఉంటే అది ఏ క్షణమైనా పగలవచ్చు. గొట్టం మాటే ఎత్తకూడదు. అంత ఉబ్బు లేకపోతే చిన్న పరీక్ష చేస్తారు. విరేచనాల మందు ఇవ్వరు. గాలి వీలైనంత తక్కువ నింపి, పురీషనాళం నుంచి కొద్ది దూరమే వెళ్లి, రెండు మూడు ముక్కలు తీసి వెనక్కి వచ్చేస్తారు. సిగ్మాయిడోస్కోపీ అంటారు దాన్ని. వైద్యుడికి ఆ కొద్ది దూరమే బోలెడు విషయం చెబుతుంది. పుళ్లు ఎంత లోతున ఉన్నాయో తెలుస్తుంది. స్టెరాయిడ్లకు లొంగని రోగుల్లో సైటోమెగలో వైరస్ చొరబడిందేమో ఆ ముక్కల్లో తేలుతుంది. మలం పరీక్షలో క్లాస్ట్రిడియం డిఫిసిల్ క్రిమి ఉందేమో చూస్తారు. నరం ద్వారా స్టెరాయిడ్ మొదలుపెట్టిన మూడో రోజున, తగ్గుతోందా లేదా అని లెక్క చూసుకుంటారు. తగ్గకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి మందా, ఆపరేషనా అన్న మాట అప్పుడే తేల్చుకోవాలి. ఆ మూడో రోజు నిర్ణయానికి పెద్దపేగు అవతలి చివర ఫొటో అవసరం రాదు. లోపలంతా చూడలేదని ఇంటివాళ్లకు అసంతృప్తి మిగలవచ్చు. సగం దారిలో ఆగడం తెలిసిన డాక్టరే అనుభవమున్న డాక్టర్.

రెండు లీటర్ల నీళ్లు

రోగులను అడిగితే గొట్టం కన్నా ముందు రాత్రే నరకమంటారు. మన దగ్గర ఎక్కువగా ఇచ్చేది పెగ్‌లెక్ లాంటి పాలీ ఇథిలీన్ గ్లైకాల్ పొడి. ప్యాకెట్‌ను రెండు లీటర్ల నీళ్లలో కలిపి, పది పదిహేను నిమిషాలకో గ్లాసు తాగాలి. ఉప్పగా, జిగటగా గొంతు దిగదు. చల్లబరిచి తాగితే కాస్త నయం. మొత్తం ఒక్క రాత్రే తాగించకుండా సగం ముందురోజు సాయంత్రం, సగం పరీక్ష రోజు పొద్దున్నే తాగిస్తే పేగు బాగా శుభ్రపడుతుంది, వాంతి కూడా తక్కువ. రెండో సగం పరీక్షకు కనీసం రెండు గంటల ముందే ముగించాలి. ముందు రెండు రోజులు ఆకుకూరలు, జామ, గింజలున్న టమాటా, పొట్టు పప్పులు మానేయాలి. చివరి రోజు కొబ్బరినీళ్లు, వడగట్టిన చారు తేట, నిమ్మరసం లాంటివే. ఎర్ర రంగు పానీయాలు వద్దు, లోపల నెత్తురులా భ్రమ కలిగిస్తాయి. రక్తహీనతకు ఐరన్ మాత్రలు వేసుకునేవారు వాటిని ఐదారు రోజుల ముందే ఆపాలి. లేకపోతే పేగు గోడకు నల్లటి మడ్డి అంటుకుని ఏమీ కనిపించదు. పేగుపూత ఉన్నవారిలో ఐరన్ వేసుకోనివారు తక్కువ కాబట్టి ఇది గుర్తుంచుకోవాల్సిన మాట. పేగుపూత మందులు మాత్రం డాక్టర్ చెప్పకుండా ఆపకూడదు. స్టెరాయిడ్లు అసలే ఆపకూడదు.

నీళ్లు తక్కువ పడతాయని కొందరు సోడియం ఫాస్ఫేట్ ద్రావణం అడుగుతారు. మూత్రపిండాలను దెబ్బతీసే ప్రమాదం ఉందని 2008 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ రకం మందుల మీద తీవ్ర హెచ్చరిక వేయించింది. పేగుపూత ఉన్నవారికి ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ మందు పేగు గోడ మీద చిన్నచిన్న పుళ్లు రేపుతుంది. అవి అచ్చం క్రోన్స్ పుళ్లలానే ఉంటాయి. లేని జబ్బు ఉందని రాసే ప్రమాదం ఉంది కాబట్టి, రెండు లీటర్ల బాధే వీరికి మేలు.

అన్నిటికన్నా పెద్ద హెచ్చరిక క్రోన్స్‌తో పేగు సన్నబడినవారికి. కడుపు ఉబ్బి, వాంతులవుతూ, గ్యాస్ కూడా పోవడం లేదంటే పేగు మూసుకుపోతున్నట్టు. అలాంటప్పుడు ఈ మందు తాగించడం మూసిన కాలువలోకి వరద వదలడమే అవుతుంది. డాక్టర్‌కు ఫోన్ చేయకుండా ఒక్క గ్లాసు కూడా తాగకూడదు.

పరీక్ష వల్లే జబ్బు తిరగబెడుతుందేమోనన్న భయం కూడా రోగుల్లో ఉంది. దీన్ని తీసిపారేయలేం. జబ్బు నెమ్మదించి ఉన్న అల్సరేటివ్ కొలైటిస్ రోగులను గమనించిన ఒక అమెరికా అధ్యయనంలో, పరీక్ష తర్వాత వారంలో ఎనిమిది మందిలో ఒకరికి లక్షణాలు పెరిగాయి. అయితే పెరగడమంటే పూర్తిగా తిరగబెట్టడమనే అనుకోకూడదు. చాలావరకు కొద్ది రోజుల్లో సర్దుకునే ఇబ్బందే. పెళ్లి, పరీక్షలు, దూరప్రయాణం లాంటివి ఉన్న వారానికి ముందు ఈ పరీక్ష పెట్టుకోకపోవడం మంచిది.

క్షయా, క్రోన్సా?

భారతదేశంలో ఈ లెక్కలో మరో అంశం కలుస్తుంది. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. క్షయ పేగులకూ వస్తుంది. చిన్నపేగు పెద్దపేగును కలిసే చోటంటే దానికి మక్కువ. క్రోన్స్‌కూ ఆ చోటే ఇష్టం. కడుపునొప్పి, బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం, సీటీ స్కాన్‌లో మందమైన పేగు, ఇవన్నీ రెండింటిలోనూ ఉంటాయి. పొరపాటు ఎటు జరిగినా ఖరీదు పెద్దదే. క్షయ ఉన్నవారికి క్రోన్స్ అనుకుని రోగనిరోధకశక్తిని అణిచే మందులిస్తే క్షయ ఒళ్లంతా పాకవచ్చు. క్రోన్స్ ఉన్నవారికి క్షయ మందులు నెలల తరబడి ఇస్తే ఈలోగా పేగు సన్నబడిపోవచ్చు. క్షయ మందులు వాడి వాడి, చివరికి క్రోన్స్ అని తేలిన కుటుంబాలు మన ఊళ్లలో తక్కువేం లేవు.

ఈ ముడి విప్పడానికి గొట్టం పరీక్షకు సాటివచ్చేది లేదు. పేగుకు అడ్డంగా, చుట్టూ కమ్ముకున్న పుండు, రెండు పేగుల మధ్య నోరు తెరుచుకుపోయిన కవాటం క్షయ వైపు మొగ్గుతాయి. పేగు పొడవునా సాగే పుళ్లు, మధ్యమధ్యలో బాగున్న గోడ క్రోన్స్ వైపు. పుండు అంచుల నుంచి తీసిన ముక్కలను సూక్ష్మదర్శిని కింద చూస్తారు, క్షయ క్రిమి కోసం జీన్ ఎక్స్‌పర్ట్‌కు పంపుతారు. అప్పటికీ తేలకపోతే క్షయ మందులు మొదలుపెట్టి, రెండు మూడు నెలలకు మళ్లీ గొట్టం వేసి చూస్తారు. పుళ్లు మానితే క్షయ, మానకపోతే క్రోన్స్ అన్న అనుమానం బలపడుతుంది. ఈ రెండో పరీక్షను చాలామంది ఎగ్గొడతారు. ఒంట్లో కాస్త కుదుటపడింది, మళ్లీ ఖర్చెందుకని ఊరుకుంటారు. నిజానికి ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి మందు మొదలుపెట్టబోయే మన దేశపు రోగికి ఈ పరీక్ష వల్ల వచ్చే ముప్పు కన్నా, చూడకుండా మందివ్వడం వల్ల వచ్చే ముప్పు చాలా పెద్దది.

ఎనిమిదో ఏడు

2020 ఆగస్టు 28న జపాన్ ప్రధాని షింజో అబే రాజీనామా ప్రకటించారు. కుర్రతనం నుంచీ ఆయన్ను వెంటాడిన అల్సరేటివ్ కొలైటిస్ 2007లోనూ ఆయన్ను ఒకసారి పదవి నుంచి దింపింది. ఆ తర్వాత కొత్త మందుతో ఏళ్ల తరబడి బాగున్నారు. 2020 జూన్‌లో మామూలు ఆరోగ్య పరీక్షలో తిరగబెట్టే సూచనలు కనిపించాయనీ, జూలై మధ్య నుంచి నీరసించిపోయాననీ ఆయనే చెప్పారు. మనిషికి తెలిసేలోపే లోపల మార్పు మొదలవుతుందనడానికి ఇంతకన్నా అందరికీ తెలిసిన ఉదాహరణ దొరకదు.

క్యాన్సర్ విషయంలో ఈ మౌనం ఇంకా ప్రమాదకరం. పెద్దపేగు చాలా భాగం ఏళ్ల తరబడి వాచి ఉంటే ఆ పొరలో క్యాన్సర్ ముందుమార్పులు వచ్చే అవకాశం పెరుగుతుంది. 2001లో బ్రిటన్ పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కకట్టినప్పుడు అల్సరేటివ్ కొలైటిస్ మొదలైన పదేళ్లకు 2 శాతం, ఇరవై ఏళ్లకు 8 శాతం, ముప్పై ఏళ్లకు 18 శాతం ముప్పు అని వచ్చింది. ఈ అంకెలు ఎందరినో హడలగొట్టాయి. మంచి మందులు, క్రమం తప్పని పరీక్షలు వచ్చాక ముప్పు బాగా తగ్గింది. డెన్మార్క్, స్వీడన్‌లలో 96 వేల మందికి పైగా అల్సరేటివ్ కొలైటిస్ రోగులను గమనించి 2020లో ప్రచురించిన లెక్కలో, మామూలు జనం కన్నా వీరికి పెద్దపేగు క్యాన్సర్ ముప్పు ఒకటిన్నర రెట్లకు కాస్త ఎక్కువగా ఉంది. తగ్గింది కానీ పోలేదు.

అందుకే లక్షణాలు మొదలైన ఎనిమిదేళ్ల తర్వాత ఒకసారి, ఒంట్లో బాగున్నా సరే, పూర్తి కొలనోస్కోపీ చేయించుకోవాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. గమనించాల్సింది ఏంటంటే, లెక్క మొదలయ్యేది జబ్బు పేరు తెలిసిన రోజు నుంచి కాదు, మొదటిసారి నెత్తురు పడిన రోజు నుంచి. మొలల మందులతో పోయిన ఆ రెండేళ్లు, నాలుగేళ్లు ఇక్కడే లెక్కలోకొస్తాయి. ఫైలు మీద తేదీ 2021 అని ఉండొచ్చు, పేగుకు మాత్రం 2017 నుంచే వయసు నడుస్తోంది. ఆ తర్వాత ఎన్నేళ్లకోసారి అన్నది మనిషిని బట్టి మారుతుంది. వాపు ఎక్కువగా ఉన్నవారికి, దగ్గరి బంధువుకు యాభై ఏళ్లలోపే పెద్దపేగు క్యాన్సర్ వచ్చినవారికి ఏడాదికోసారి. ముప్పు తక్కువున్నవారికి ఐదేళ్లకోసారి చాలు. పైత్యరస నాళాలు గట్టిపడే పీఎస్‌సీ అనే జబ్బు తోడుంటే ఎనిమిదేళ్లు ఆగకూడదు, తెలిసిన రోజు నుంచి ఏటా చూడాల్సిందే. వాపు పురీషనాళానికే పరిమితమైనవారికి ఈ నిఘా అక్కర్లేదు.

ఈ పరీక్ష బాగున్నప్పుడే చేయాలనడానికి చిల్లు భయం ఒక్కటే కారణం కాదు. వాచిన పొరలో కణాలు ఎలాగూ వంకర టింకరగా కనిపిస్తాయి. అది వాపు వల్లా, క్యాన్సర్ ముందుమార్పు వల్లా అని ముక్క చూసే పాథాలజిస్టు తేల్చుకోలేరు. ఈ మార్పులు పిలకల్లా పైకి లేచి కనబడకుండా, గోడతో సమానంగా చదునుగా ఉంటాయి కూడా. పేగు గోడ మీద నీలం రంగు చల్లితే అంచులు తేలతాయి. అలా రంగు చల్లి చూసే పద్ధతిని 2015లో నిపుణులు ఏకాభిప్రాయంతో సిఫార్సు చేశారు. మంచి నాణ్యత గల గొట్టాలతో రంగు లేకుండానూ ఇప్పుడు బాగా చూడగలుగుతున్నారు. ఏదైనా హడావుడిగా పది నిమిషాల్లో ముగించే పని కాదు.

నెదర్లాండ్స్‌లో పేగుపూతతో పెద్దపేగు క్యాన్సర్ వచ్చిన 149 మందిని పరిశీలించి 2009లో ఒక అధ్యయనం వెలువడింది. నిఘా పరీక్షల్లో ఉంటూ క్యాన్సర్ బయటపడినవారిలో ఆ క్యాన్సర్ వల్ల ఐదేళ్లలోపు చనిపోయినవారు లేరు. నిఘాలో లేనివారిలో ఐదేళ్లు దాటినవారు 74 శాతం. నిఘాలో ఉన్నవారు కేవలం 23 మందే కాబట్టి ఈ లెక్కను మరీ సాగదీయకూడదు. అయినా 'బాగానే ఉన్నానుగా' అని వాయిదా వేసేవారికి చూపించాల్సిన లెక్కే.

గొట్టం లేకుండా కుదిరే చోట దాన్ని తగ్గించుకునే దారులూ పెరిగాయి. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్‌ను కొలిస్తే పేగులో వాపు ఉందో లేదో చాలావరకు తెలుస్తుంది. లక్షణాలు లేని అల్సరేటివ్ కొలైటిస్ రోగిలో అది గ్రాముకు 150 మైక్రోగ్రాముల లోపుంటే జబ్బు అణిగి ఉందనే భావిస్తారు. అయితే నొప్పి మాత్రలు వాడినా ఈ అంకె పెరుగుతుంది. పేగు గోడ మందాన్ని అల్ట్రాసౌండ్‌తోనే చూడటం పెద్ద కేంద్రాల్లో అలవాటవుతోంది. చిన్నపేగులోని క్రోన్స్‌కు ఎంఆర్ స్కాన్. కెమెరా ఉన్న క్యాప్సూల్ మింగించే పరీక్షలో, సన్నబడిన చోట అది ఇరుక్కుపోతే తీయడానికి ఆపరేషన్ కావాల్సి రావచ్చు. ఇవేవీ ముక్క తీయలేవు. చదునుగా ఉండే క్యాన్సర్ ముందుమార్పును సీటీ కొలనోగ్రఫీ కూడా పట్టుకోలేదు. మందు పనిచేస్తోందా అని చూడటానికి ఈ పరీక్షలు చాలు, క్యాన్సర్ నిఘాకు మాత్రం గొట్టమే.

ఇంటికెళ్లాక

పరీక్ష రాయించుకునే రోజున డాక్టర్‌ను అడగాల్సినవి ఎక్కువేం లేవు. ఈ పరీక్షలో ఏం తేలితే నా వైద్యం మారుతుంది? పూర్తిగా చూడాలా, కొంతదూరం చాలా? ఇప్పుడే చేయాలా, మంట తగ్గాకా? మొదటి ప్రశ్నకు 'ఏం మారదు' అన్న జవాబొస్తే పరీక్ష వాయిదా వేయమని అడిగే హక్కు రోగికి ఉంది. చెప్పాల్సినవి కూడా ఉన్నాయి. ఎన్నాళ్లుగా స్టెరాయిడ్ వాడుతున్నదీ, క్లోపిడోగ్రెల్ లాంటి నెత్తురు పలచబరిచే మందులున్నాయా, షుగర్, కిడ్నీ, గుండె జబ్బుల సంగతీ. మత్తిచ్చేవారికి ఇవి తెలియకపోతే కష్టం. పేగులో నింపే గాలికి బదులు కార్బన్ డయాక్సైడ్ వాడతారేమో అడగవచ్చు. అది పేగులోంచి త్వరగా పీల్చుకుపోతుంది, తర్వాత ఉబ్బరం తక్కువ.

పరీక్ష అయిన సాయంత్రం కడుపు ఉబ్బి, గ్యాస్ పోతుంటే కంగారు పడక్కర్లేదు. ముక్క తీసిన చోట నాలుగు చుక్కల నెత్తురు పడినా భయం లేదు. నొప్పి గంటగంటకూ పెరుగుతూ కడుపు గట్టిపడితే, భుజానికి పాకితే, జ్వరం వస్తే, గ్యాస్ పోవడం ఆగిపోతే మాత్రం ఇంట్లో జెలుసిల్ తాగి పడుకోకూడదు. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. పిలకలు తీసి ఉంటే ఈ జాగ్రత్త మరికొన్ని రోజులు ఉండాలి, ఎందుకంటే కరెంటు వేడి తగిలిన చోట చిల్లు కొన్ని రోజులకు కూడా పడవచ్చు. స్టెరాయిడ్లు వాడుతున్నవారికి నొప్పి పెద్దగా తెలియకపోవచ్చు. వాళ్ల విషయంలో నాడి వేగంగా కొట్టుకోవడం, ఒళ్లంతా నీరసం, ముఖం పాలిపోవడం చూసినా చాలు, పక్కనున్నవాళ్లు ఆగకుండా బయల్దేరాలి. పరీక్ష చేసిన ఆసుపత్రి నంబరు, పరీక్ష చేసిన సమయం, తీసిన ముక్కలెన్నో రాసిన కాగితం ఆ రాత్రి చేతికందే చోట ఉండాలి. దగ్గర్లోని వేరే ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చినా, అక్కడి సర్జన్ మొదట అడిగేది ఆ కాగితమే.